దూరాన కలిసినట్టు కనిపించే పట్టాలు సమాంతరాలేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఆరో తరగతి చదువుతోంది. చుట్టుపక్కల కనిపించే సమాంతర రేఖలను, లంబ రేఖలను గుర్తించి రాసుకు రమ్మని బడిలో చెప్పారు. రైలు పట్టాలు సమాంతరాలని నేను చెబితే, ప్లాట్‌ఫారం చివర నిలబడి చూసినప్పుడు అవి దూరాన కలిసిపోతున్నాయి కదా అని అడిగింది. గోడలాగా నిటారుగా నిలబడితేనే లంబ రేఖ అని కూడా అనుకుంటోంది. ఎలా వివరించాలి?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: పట్టాలు కలిసినట్టు ఆమెకు కనిపించడం సహజమే. దూరాన ఉన్నది ఏదైనా చిన్నదిగా కనిపిస్తుంది కనుక, పట్టాల మధ్య ఎడం కూడా పోనుపోను తగ్గినట్టు తోస్తుంది. నిజానికి మన బ్రాడ్ గేజ్ పట్టాల లోపలి అంచుల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. తిన్నగా సాగే దారిలో అది పెరంబూరులో ఎంతో అరక్కోణంలోనూ అంతే. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి కాబట్టి, ఆ ఎడం మరీ మారితే బండి పట్టాలు తప్పుతుంది. దారి వంపు తిరిగిన చోట మాత్రం పట్టాలను ఉదాహరణగా రాయకూడదు. అక్కడ ఎడం దాదాపు అంతే ఉన్నా, అవి సరళరేఖలు కావు.

పట్టాల మీదికి దిగి కొలవడం ప్రమాదమే కాక నేరం కూడా. ఆ పరీక్ష ఇంట్లో కిటికీ ఊచల మీద చేయించండి. పక్కపక్కనున్న రెండు ఊచల మధ్య దూరాన్ని పైన ఒకసారి, మధ్యలో ఒకసారి, కింద ఒకసారి కొలిచి, మూడూ ఒకటే వస్తే అవి సమాంతరాలని రాయవచ్చు. అయితే టేపును ఏటవాలుగా పట్టుకుంటే ఎక్కువ దూరం వస్తుంది. ఊచకు లంబంగా పట్టుకుంటేనే అసలు ఎడం తెలుస్తుంది. బడిలో రెండు వేర్వేరు నిర్వచనాలుగా చెప్పే సమాంతరం, లంబం ఈ కొలతలో ఒకదానికొకటి ఎలా అవసరమవుతాయో పిల్లలకు చూపించడానికి ఇంతకంటే తేలికైన దారి నాకు కనిపించలేదు.

ఎప్పటికీ కలవకపోతే చాలు, సమాంతరాలే అనుకోవడం కూడా సరికాదు. మైలాపూరు దగ్గర వంతెన మీదుగా వెళ్ళే ఎం.ఆర్.టి.ఎస్. (నగర రైలు) పట్టాలు, వాటి కిందుగా అడ్డంగా పోయే రోడ్డు ఎన్నటికీ కలవవు, అయినా అవి సమాంతరాలు కావు. రెండు రేఖలూ ఒకే తలంలో, అంటే ఒకే చదునైన పరపులో, ఉండి కలవనప్పుడే ఆ మాట వర్తిస్తుంది.

ఇక లంబం సంగతి. అంచులు ఎలా చిరిగి ఉన్నా సరే, ఒక కాగితం తీసుకుని ఒకసారి మడిచి గట్టిగా నొక్కమనండి. వచ్చిన మడత గీత తన మీద తానే సరిగ్గా పడేలా రెండోసారి మడిస్తే, ఆ మూలలో ఏర్పడేది లంబకోణమే. తిన్నని గీతకు ఒక వైపున ఉండే 180 డిగ్రీలు రెండు సమాన భాగాలైతే ఒక్కొక్కటి 90 డిగ్రీలే కదా. ఆ కాగితపు మూలను ఎటు తిప్పి పట్టుకున్నా కోణం మారదు; రెండు గీతలూ ఏటవాలుగా ఉన్నప్పటికీ లంబ రేఖలే అవుతాయని పాపకు అప్పుడు తెలుస్తుంది. వాకిట్లో సరి చుక్కలు పెట్టిన ముగ్గులో కూడా ఇది కనిపిస్తుంది. నాలుగు చుక్కల చదరంలో ఎదురెదురు చుక్కలను కలిపే ఏటవాలు గీతలు రెండూ లంబంగానే ఖండించుకుంటాయి. సమాన దూరంలో సందు చుక్కలు పెడితే మాత్రం పక్కపక్క చుక్కలను కలిపే గీతలు 60 డిగ్రీలతో కలుస్తాయి, అక్కడ కాగితపు మూల సరిపోదు.

గది మూలకు కాగితం చిన్నదైపోతుంది. తాపీ మేస్త్రీలు మూలమట్టంతో పాటు వాడే పద్ధతి ఒకటుంది: మూల నుంచి ఒక గోడ అడుగున 90 సెంటీమీటర్ల దగ్గర, రెండో గోడ అడుగున 120 సెంటీమీటర్ల దగ్గర సుద్దతో గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దూరం కొలుస్తారు. అది సరిగ్గా 150 వస్తే మూల లంబకోణం; ఎక్కువ వస్తే కోణం విచ్చుకున్నట్టు, తక్కువ వస్తే ముడుచుకున్నట్టు.

వీలైతే ఆదివారం జార్జిటౌన్‌కు తీసుకెళ్ళండి. ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు నుంచి ఉత్తరంగా తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి పక్కపక్కనే సాగుతాయి. ఇంటికి వచ్చాక ఫోనులోని మ్యాపు మీద అదే కాగితపు మూలను ఆనించి ఏ వీధి బోస్ రోడ్డుకు లంబంగా ఉందో, ఏది కాస్త ఒరిగిందో చూసి, ఒరిగినవాటిని కూడా పుస్తకంలో రాయమనండి. ఒక్కొక్క ఉదాహరణ పక్కన దాన్ని దేనితో పరీక్షించిందో కూడా రాయాలి.