నీళ్లు కింద నుంచి ఎక్కాయా, పై నుంచి పడ్డాయా?

ప్రశ్న: మాది హన్మకొండ. మా అన్నకు ఓపెన్ టాప్ కారంటే ప్రాణం. 2019లో హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో 2008 మోడల్ బీఎండబ్ల్యూ జడ్4 కొన్నాడు. 2022 జనవరిలో చనిపోయాడు. అప్పటి నుంచి ఆ కారు నేనే చూసుకుంటున్నాను. 2023 జూన్‌లో దాని గుడ్డ టాప్ సగంలో ఆగిపోతే ఇక్కడే ఒక షెడ్డులో ఇచ్చి, ఫోన్‌పేలో 1,20,000 రూపాయలు అడ్వాన్స్ కట్టాను. జూలై 27 నాటి వానలకు కారులోకి నీళ్లు పోయి రూఫ్ మోటార్, సీట్ల కింది వైరింగ్ పాడయ్యాయి. "వరదల అందరి కార్లు మునిగినయ్ అన్నా, దేవుడు చేసినదానికి నేనేం చేస్త" అని యజమాని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. ఇప్పుడు పని చార్జీ 74,000, పార్కింగ్ 1,12,000 కడితేనే కారు ఇస్తానంటున్నాడు. స్పేర్ తాళం నా దగ్గరే ఉంది, రాత్రి పోయి తెచ్చుకుందాం బావా అని మా బావమరిది అంటున్నాడు. ఇన్సూరెన్స్ వస్తుందా? అన్న గుర్తును ఎట్లా కాపాడుకోవాలి?

జవాబు: మీరు పంపిన ఉత్తరం ఏడు పేజీలు, అందులో అయిదు పేజీలు మీ అన్నగారి గురించే ఉన్నాయి. వాటి గురించి వినియోగదారుల కమిషన్‌లో ఎవరూ అడగరు. నాకు పనికొచ్చినవి మీరు మాటవరసకు రాసిన రెండు వాక్యాలు. ఒకటి, జూన్ 11న మీ పాప పుట్టినరోజు నాడు టాప్ తెరుస్తుంటే వీడియో తీశామని, మోటార్ గుర్రుమంటూనే ఉంది కానీ టాప్ కదల్లేదని. రెండోది, జూలై 19న షెడ్డుకు వెళ్తే టాప్ సగం తెరిచి ఉండగానే కారును వేపచెట్టు కింద ఆరుబయట పెట్టారని, కోపమొచ్చి ఫొటో తీశానని. మీ కేసు నిలబడినా పోయినా ఈ రెండింటి మీదే.

ఎందుకో చెప్తాను. మీరు వస్తువు అప్పగించారు, అవతలి మనిషి బాగుచేసి తిరిగివ్వాలి. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 151వ సెక్షన్ ప్రకారం, మామూలు తెలివిగల మనిషి సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త అతను తీసుకోవాలి. అంత జాగ్రత్తా తీసుకున్నాక కూడా వస్తువు పాడైతే, వేరే ఒప్పందమేమీ లేనప్పుడు 152వ సెక్షన్ అతన్ని వదిలేస్తుంది. అందుకే అతను వరద వరద అంటున్నాడు. ఆ రోజు వరంగల్, హన్మకొండల్లో ఎన్ని కాలనీలు నీళ్లలో ఉన్నాయో, నయీంనగర్ నాలా ఎట్లా పొంగిందో, మొరంచపల్లి ఊరు ఎట్లా మునిగిందో కమిషన్ సభ్యులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వరద మాట వినగానే అతని వైపు మొగ్గు చూపడం సహజం. కాబట్టి తేలాల్సిన ప్రశ్న ఒక్కటే. నీళ్లు నేల మీద నుంచి కారులోకి ఎక్కాయా, తెరిచి ఉన్న టాప్‌లో నుంచి పడ్డాయా?

మీ కారు సంగతి కొంచెం తెలుసుకున్నాను. ఆ తరం జడ్4లో టాప్ నడిపే హైడ్రాలిక్ మోటార్, టాప్ మడిచి కూర్చునే గుంటలో కింది భాగాన ఒక పక్కన ఉంటుంది. అక్కడ పడ్డ వాన నీళ్లు బయటికి పోవడానికి డ్రెయిన్ గొట్టాలుంటాయి. ఆకులు, మట్టి చేరి అవి పూడుకుపోతే నీళ్లు అక్కడే నిలిచి మోటార్ మునుగుతుంది. ఈ కార్లను బాగుచేసే మెకానిక్‌లందరికీ తెలిసిన లోపమే ఇది. వానాకాలంలో సగం తెరిచిన టాప్‌తో వేపచెట్టు కింద కారు పెట్టడమంటే ఏమిటో ఇప్పుడు అర్థమవుతుంది. అది దేవుడు చేసింది కాదు. తాటిపత్రి కప్పితే సరిపోయేది.

అయితే ఇదే లోపాన్ని అతని వకీలు కూడా వాడుకుంటాడు. డ్రెయిన్లు ముందే పూడుకుపోయాయి, ఓనరే శుభ్రం చేయించలేదు, మోటార్ చచ్చిపోయాకే మా దగ్గరికి వచ్చింది అంటాడు. దానికి జవాబు పుట్టినరోజు వీడియో. అందులో మోటార్ చప్పుడు వినిపిస్తే, షెడ్డుకు ఇవ్వడానికి మూడు రోజుల ముందు అది బతికే ఉందని తేలుతుంది. బాగున్న మోటార్ అతని చేతికి పోయి చచ్చి బయటికొచ్చిందని మీరు చూపించగలిగితే, జాగ్రత్త తీసుకున్నానని రుజువు చేసే బరువు అతని మీద పడుతుంది.

ఇప్పుడు మిమ్మల్ని తిట్టక తప్పదు. లక్షా ఇరవై వేలు కట్టి జాబ్ కార్డు ఎందుకు తీసుకోలేదు? ఏ తేదీన ఇచ్చారు, కిలోమీటర్ రీడింగ్ ఎంత, టాప్ ఏ స్థితిలో ఉంది, పని ఏమిటి, ఒక్క కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టిస్తే ఈ ఉత్తరమే రాయాల్సిన అవసరం ఉండేది కాదు. తెలిసినోడే కదా అనుకున్నామని రాశారు. నా దగ్గరికి వచ్చే షెడ్డు కేసుల్లో సగం తెలిసినోళ్ల మీదే.

దీనికంటే పెద్ద తప్పు ఉత్తరం చివర్లో ఉంది. ఆ వీడియో, ఫొటో తీసిన ఫోన్ పాతదైంది, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేద్దామనుకుంటున్నానన్నారు. ఇవ్వకండి. మీ అక్కకు వాట్సాప్‌లో పంపిన కాపీ ఉంది కదా అంటారేమో, వాట్సాప్‌లో ఫొటోగా పంపితే తీసిన తేదీ, సమయం వంటి లోపలి వివరాలు పోతాయి. ఒరిజినల్ ఫైలు ఆ ఫోన్‌లో ఉన్నది ఉన్నట్టు ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి, ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి. వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్యం నియమాలు కొంత సడలింపుగానే ఉంటాయి, అయినా రేపు అప్పీలుకు పోయినప్పుడు ఆ కాగితం లేదనే మాట రాకూడదు. ఫోన్‌పే చెల్లింపులకు బ్యాంకు నుంచి స్టేట్‌మెంట్ తీసుకోండి. ఒక పేమెంట్‌కు 'రూఫ్ పని' అని నోట్ రాశారట, జాబ్ కార్డు లేని లోటును అది కొంత తీరుస్తుంది. షెడ్డు గుట్టవైపు ఎత్తులో ఉంది, పక్క పిండిగిర్నిలోకి నీళ్లు రాలేదని కూడా రాశారు. ఆ గిర్ని ఆయనతో ఒక అఫిడవిట్ ఇప్పించండి. మీ చుట్టాలు పదిమంది ఇచ్చే అఫిడవిట్ల కంటే అది బలం.

గడువు మాట. ఈ జవాబు రాస్తున్నది 2025 జూన్ మూడో వారంలో. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం కేసు కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. నష్టం జరిగింది 2023 జూలై 27న. చేతిలో ఉన్నది అయిదు వారాలు. 2024 ఫిబ్రవరిలో షెడ్డు యజమాని "చేసిస్త అన్నా" అన్నాడు కాబట్టి అక్కడి నుంచి లెక్కేసుకోవచ్చు కదా అని అడిగారు. ఆ లెక్క మీద ఆధారపడొద్దు. పెద్దమనుషుల దగ్గర కూర్చున్నా, ఫోన్లలో బతిమాలుకున్నా, లీగల్ నోటీసు పంపినా గడువు ఆగదు. జూలై 27 ఆదివారం పడింది, సోమవారం వేద్దామనుకునే ఆలోచన కూడా పెట్టుకోకండి. గడువు దాటితే తగిన కారణం చూపి మన్నించమని అడగొచ్చు, సివిల్ కోర్టులో మూడేళ్ల గడువు ఉంటుంది, కానీ అక్కడ కోర్టు ఫీజు, ఏళ్ల తరబడి వాయిదాలు.

మీ బావమరిది సలహా గురించి. స్పేర్ తాళం ఇవాళే ఇంట్లో మీ ఆవిడ చేతికి ఇచ్చేయండి. సొంత కారు తెచ్చుకుంటే దొంగతనం ఎట్లా అవుతుందని అడిగారు. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లో దొంగతనాన్ని వివరిస్తూ గడియారం ఉదాహరణలు ఇచ్చారు. గడియారం బాగుచేయడానికి ఇచ్చినవాడు, ఏ బాకీ లేనప్పుడు బహిరంగంగా లాక్కుంటే అది దొంగతనం కాదు, వేరే నేరం కావొచ్చు. రిపేరు డబ్బులు బాకీ ఉండి, ఆ బాకీకి హామీగా దుకాణదారు గడియారం ఆపుకుంటే, ఆ హామీ లేకుండా చేయాలని తీసుకెళ్లినవాడు సొంత గడియారానికైనా దొంగే. శిక్ష మూడేళ్ల దాకా ఉంది. మీకు 74,000 బాకీ ఉందా లేదా అన్నదే ఇంకా తేలలేదు, అది రాత్రిపూట గోడ దూకి తేల్చే విషయం కాదు. పైగా కారు కదిలిందంటే నీటి గుర్తులు, లోపలి బురద, అన్నీ మీరే మార్చారంటాడు. మీ సాక్ష్యాన్ని మీ చేత్తోనే చెరుపుకున్నట్టు అవుతుంది.

చట్టం అతనికి ఇచ్చే పట్టు కూడా మీరనుకున్నంత పెద్దది కాదు. కాంట్రాక్ట్ చట్టం 170వ సెక్షన్ ప్రకారం, చెప్పిన పని చెప్పినట్టు చేసినవాడే కూలి కోసం వస్తువు ఆపుకోగలడు. టాప్ ఇప్పటికీ తెరుచుకోవడం లేదు. ఇక పార్కింగ్ చార్జీ, ముందుగా ఒప్పుకోని దానికి ఆ సెక్షన్ కింద కారు ఆపే హక్కు లేదు.

మీకు కష్టంగా ఉంటుంది కానీ ఇది చెప్పాలి. చట్టం లెక్కలో ఈ కారు మీది కాదు. ఆర్‌సీ ఇంకా అన్నగారి పేరనే ఉంది. ఓనర్ చనిపోతే 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పించుకోవాలి, మూడేళ్లు దాటినా మీరు కదల్లేదు. వీలునామా లేదు కాబట్టి వారసులు మీ వదిన, పిల్లలు, అమ్మగారు ఉంటే ఆమె. తమ్ముడు ఆ వరుసలో రాడు. షెడ్డు పని మీరు పెట్టుకున్నారు, డబ్బు మీరు కట్టారు కాబట్టి ఆ సేవకు వినియోగదారు మీరే. కారు నష్టం మాత్రం వదిన, పిల్లలది. అందరూ కలిసి ఫిర్యాదుదారులుగా ఉండండి, అప్పుడు కారు మీది కాదనే అభ్యంతరానికి తావుండదు. ఇన్సూరెన్స్ ఆశ వదిలేయండి. చనిపోయిన మనిషి పేర రెన్యువల్ చేస్తూ వచ్చిన పాలసీ మీద, రెండేళ్లు కంపెనీకి చెప్పకుండా ఊరుకున్నాక, సొంత డ్యామేజీ క్లెయిమ్ నిలబడటం చాలా కష్టం. వరదలో మునిగిందని మీరే కంపెనీకి రాసిచ్చారంటే షెడ్డు యజమాని వాదన మీరే ఒప్పుకున్నట్టు.

రెండుసార్లు పెళ్లి బరాత్‌కు కిరాయికి ఇచ్చామన్నారు. వ్యాపారానికి వాడారు, మీరు వినియోగదారే కాదు అని అతను అనొచ్చు. దాచకండి. ప్రధానంగా దేనికి వాడారన్నదే చూడాలని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది, ఇంటి వాడకమే ప్రధానమని సూటిగా రాయండి. ప్రైవేట్ నంబర్ బండిని కిరాయికి ఇవ్వడం మాత్రం ఇంకెప్పుడూ చేయకండి.

పని ఇట్లా మొదలుపెట్టండి. ముందు కార్లు తెలిసిన మెకానిక్‌ను తీసుకుని పగటిపూట షెడ్డుకు వెళ్లండి. కార్పెట్ కింద, సీటు పట్టాల మీద, డిక్కీ అడుగున బురద గీత ఉందో లేదో, టాప్ గుంటలో ఆకులున్నాయో లేదో ఫొటోలు తీయండి, ఏమీ ముట్టుకోకండి. వరద నీళ్లు కింద నుంచి ఎక్కితే మట్టి మరక వదిలి పోతాయి. రానివ్వకపోతే గొడవ పడకుండా వెనక్కి వచ్చేయండి. వెంటనే స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, పది రోజులు మించి ఆగకండి. ఫిర్యాదు మన జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, ఈ-జాగృతి వెబ్‌సైట్ ద్వారా ఆన్‌లైన్‌లో కూడా. కమిషన్ స్థాయిని కారు విలువ నిర్ణయించదు, సేవకు మీరు కట్టిన డబ్బే నిర్ణయిస్తుంది. అది అయిదు లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా లేదు. ఫిర్యాదుతోపాటే రెండు దరఖాస్తులు పెట్టించండి. నిపుణుడితో కారు తనిఖీ చేయించమని ఒకటి, 74,000 కమిషన్‌లో డిపాజిట్ చేస్తాం, తనిఖీ అయ్యాక కారు ఇప్పించమని మధ్యంతర ఉత్తర్వు కోసం ఇంకొకటి. అడ్వాన్స్ వాపసు, వేరే షెడ్డు రాసిచ్చిన రిపేరు ఎస్టిమేట్, ఖర్చులు అడగండి. అన్నగారి జ్ఞాపకానికి పాతిక లక్షలని మీరు వేసిన లెక్క తీసేయండి, దానివల్ల మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది.

కారు చేతికొచ్చినా నడిపి ఇంటికి తేవొద్దు. 2009 ఏప్రిల్ రిజిస్ట్రేషన్‌కు పదిహేనేళ్ల గడువు 2024లోనే తీరింది. టోయింగ్ బండి మీద తెచ్చి, వదిన పేరుకు మార్పించి, రెన్యువల్ చేయించాకే రోడ్డెక్కించండి. ఫిర్యాదు మాత్రం జూలై 15 లోపు నంబర్ పడాలి.