రీలోడింగ్ ప్రెస్ కొనే ముందు మీ వీసా చూసుకోండి

అమెరికాలో షూటింగ్ రేంజ్‌కి వెళ్లడం మొదలుపెట్టిన మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: తూటాలు ఇంట్లోనే నింపుకోవాలంటే ఏ ప్రెస్ (కాల్చిన తూటా గొట్టాన్ని మళ్లీ తూటాగా తయారుచేసే యంత్రం) కొనాలి? చెప్తాను. ముందు మీరు ఏ వీసా మీద ఉన్నారో చెప్పండి.

హెచ్‌1బీ, ఎఫ్‌1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్ చెప్పాలి, రేంజ్‌లో పరిచయమైన స్నేహితుడు కాదు. చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. ఆ చట్టం ప్రకారం ఖాళీ బ్రాస్ (తూటా ఇత్తడి గొట్టం), ప్రైమర్ (దాని అడుగున నిప్పు రాజేసే చిన్న మూత), పౌడర్ (లోపలి మందు), బుల్లెట్ (ముందు ఉండే గుండు) విడివిడిగా ఉన్నా అమ్యూనిషన్ కిందికే వస్తాయి. ఏళ్ల తరబడి గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తూ, దాన్నంతా ఒక్క డబ్బా ప్రైమర్ల కోసం పణంగా పెట్టకండి.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, సిటిజన్లు మీ రాష్ట్రం రూల్స్ కూడా చూసుకున్నాక, మొదటి ప్రెస్‌గా సింగిల్ స్టేజే తీసుకోండి, అంటే ఒకసారికి ఒక్క పనే చేసేది. ఆర్‌సీబీఎస్ రాక్ చకర్ లాంటి బరువైన పోత ఇనుము ప్రెస్ అయితే మీ పిల్లల దాకా పనికొస్తుంది. డిల్లన్ 750 లాంటి ప్రోగ్రెసివ్‌లో హ్యాండిల్ లాగిన ప్రతిసారీ ఒక తూటా తయారై పడుతుంది, నిజమే, కానీ ఒక్కో పనికి ఒక్కో స్టేషన్ ఉండి అన్నిట్లో పనులు ఒకేసారి జరుగుతుంటే కొత్తవాళ్ల కన్ను దేనిమీద ఉండాలి? .38 స్పెషల్ అనే రివాల్వర్ తూటా బ్రాస్‌లో కొన్ని పౌడర్లు రెండింతలు పడినా పైకి పొర్లవు. అలాంటి తూటా పేలిస్తే తుపాకీ చేతిలోనే పగిలిపోవచ్చు. సింగిల్ స్టేజ్‌లో యాభై బ్రాస్ చెక్క బ్లాకులో నిలబెట్టి పౌడర్ పోశాక, బుల్లెట్ పెట్టకముందే టార్చి వేసి ఒక్కొక్కదాంట్లోకీ చూస్తాను. ఒకసారి వరసలో ఒకదాంట్లో పౌడర్ మిగతావాటికంటే ఎత్తుగా కనబడింది. ఆ యాభైనీ ఒంపేసి మళ్లీ మొదటి నుంచి తూచాను.

నెలకి వెయ్యి పైన కాల్చేవాళ్లకి ఇది నిదానమే. వాళ్లు ఏడాది దీనిమీద చెయ్యి తిరిగాక ప్రోగ్రెసివ్‌కి మారవచ్చు, మామూలు 7/8-14 కొలత మరల డైలు (ప్రెస్‌లో బిగించే అచ్చులు) చాలా ప్రెస్‌లకి సరిపోతాయి, పాతవి వృథా పోవు. ఈ రెంటికీ మధ్యలో టర్రెట్ ప్రెస్ (డైలన్నీ తిరిగే తలకి బిగించి ఉండేది) ఉంది, పిస్టల్‌కి బాగుంటుంది.

ప్రెస్ మీద మిగిల్చిన డబ్బు మంచి తూకం మీద, కొత్త ఎడిషన్ లోడింగ్ మాన్యువల్ మీద పెట్టండి. బల్లని గోడకి బిగించండి, రైఫిల్ బ్రాస్ సైజ్ చేసేటప్పుడు (డైలోకి గట్టిగా నొక్కి అసలు కొలతకి తెచ్చేటప్పుడు) కదిలే బల్ల మీద పని జరగదు. వంటింట్లో మాత్రం వద్దు: సీసం దుమ్ము ఉంటుంది, పిల్లలు తిరుగుతారు.

చివరిగా, రేంజ్‌కి వాడిన బ్యాగుతో ఇండియా ప్రయాణం పెట్టుకోకండి. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా దొరికినా అక్కడి ఎయిర్‌పోర్టులో 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది.