డెంగీ ఎక్కించినా ఎలుకలు హుషారుగా తిరుగుతున్నాయంటే

శ్రావణి గారూ, బెంగళూరు రోగి రక్తం నుంచి వేరుచేసిన డెంగీ వైరస్‌ను మామూలు బ్లాక్-6 (ల్యాబుల్లో ఎక్కువగా వాడే ఒక జాతి) ఎలుకలకు ఎక్కించినా బరువు తగ్గలేదు, రక్తంలో వైరస్ దొరకలేదు అన్నారు. మీ చేతిపనిని అనుమానించకండి. అలా జరగడమే సహజం.

మన కణాల్లోకి చేరగానే ఈ వైరస్ తన ఎన్ఎస్5 ప్రొటీన్‌తో మన కణంలోని స్టాట్2 అనే ప్రొటీన్‌ను నాశనం చేయిస్తుంది. వైరస్ వచ్చిందని కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌తో హెచ్చరిక పంపుతాయి, ఆ హెచ్చరికను కణం లోపల మోసేది స్టాట్2. అది పోవడంతో ఆ హెచ్చరిక అందాల్సిన చోటికి అందదు. ఎలుక స్టాట్2 మాత్రం ఆ ఎన్ఎస్5కు చిక్కదు. అందుకే ఎలుక వైరస్‌ను మొదట్లోనే అణిచేస్తుంది. మోతాదు పెంచితే వైరస్ వృథా కావడమే తప్ప పెద్దగా ఫలితం ఉండదు.

టైప్-1, టైప్-2 ఇంటర్‌ఫెరాన్‌లను అందుకునే రిసెప్టర్లు రెండూ లేని ఏజీ129 జాతి ఎలుకలు వాడండి. వాటిలోనూ రోగి నుంచి తీసిన వైరస్ చాలాసార్లు జబ్బు కలిగించదు. డీ2ఎస్10 లాంటి, ఎలుకలకు అలవాటుపడిన డెంగీ వైరస్ రకం కావాలి. బరువు రోజూ చూడండి, కానీ బరువు తగ్గేదాకా ఆగకుండా మూడో రోజే సీరంలో (రక్తంలోని ద్రవభాగంలో) వైరల్ ఆర్ఎన్ఏ, అంటే వైరస్ జన్యుపదార్థం, కొలవండి.

మీ అసలు పని టీకా అయితే ఏజీ129ను నేను సిఫారసు చేయను. రోగనిరోధక శక్తి సగం తీసేసిన జంతువు టీకాకు ఎలా స్పందించినా నమ్మడం కష్టం. మామూలు ఎలుకలకే టీకా వేసి, వైరస్ ఎక్కించే ముందురోజు ఇంటర్‌ఫెరాన్ రిసెప్టర్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఇవ్వండి. జబ్బు స్వల్పంగానే ఉండవచ్చు, వైరస్ కొలతకు అది చాలు.

కోతుల జోలికి వెళ్లమని మీ గైడ్ అంటే ఒప్పుకోకండి. వాటి రక్తంలో వైరస్ కనిపిస్తుంది గానీ జబ్బు లక్షణాలు అరుదు. ఎలుకల రకం మారుస్తున్నారు కాబట్టి ముందు మీ సంస్థ జంతు నైతిక సంఘానికి సవరణ దరఖాస్తు పెట్టండి.