జేమ్స్, జేకబ్: మన బైబిల్లో ఇద్దరూ యాకోబే, మరి ఇక్కడ?

ఈ మధ్యే అమెరికా వచ్చిన మన క్రైస్తవ కుటుంబాలు తరచూ అడిగే సందేహం ఇది: తెలుగు బైబిల్లో ‘యాకోబు’ అని ఉన్నచోట ఇంగ్లీషులో ఒకసారి జేకబ్ అని, ఒకసారి జేమ్స్ అని ఎందుకుంటుంది?

పుట్టుకలో రెండూ ఒకటే పేరు. హీబ్రూలో యాకోవ్. ఆదికాండము 25వ అధ్యాయంలో కవలల్లో రెండోవాడు అన్న ఏశావు మడిమె పట్టుకొని పుట్టాడు, అందుకే ఆ పేరు. మడిమెకు హీబ్రూ మాట ‘అకేవ్’. 27వ అధ్యాయంలో ఏశావు ఆ పేరునే ఎత్తిపొడుస్తూ తనను రెండుసార్లు మోసగించాడని అంటాడు. పేర్ల పుస్తకాల్లో ‘ఒకరి స్థానం లాక్కునేవాడు’ అన్న అర్థం అక్కడినుంచి వచ్చిందే. అది చూసి బిడ్డకు ఆ పేరు మానుకోనక్కర్లేదు. ‘దేవుడు కాపాడుగాక’ అన్నది మొదటి అర్థం కావచ్చని చెప్పే పండితులూ ఉన్నారు. ఇక్కడ పేరు పిలిచేవాళ్లకు ఆ అర్థం తలపుకే రాదు. 1999 నుంచి 2012 దాకా అమెరికాలో మగపిల్లలకు ఎక్కువగా పెట్టిన పేరు జేకబే.

పేరు రెండుగా చీలింది లాటిన్‌లో. యాకోబుస్ వాడుకలో యాకోముస్ అయింది, అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు జేమ్స్‌గా చేరింది. ఇంగ్లీషు బైబిలు పితరుణ్ని జేకబ్ అని, అపొస్తలుల్ని జేమ్స్ అని రాస్తుంది. జెబెదయి కుమారుడు జేమ్స్, అల్ఫయి కుమారుడు జేమ్స్, యాకోబు పత్రిక కూడా జేమ్సే. ‘కొత్త నిబంధనైతే జేమ్స్’ అని గుర్తుపెట్టుకుంటే మాత్రం మొదటి పేజీలోనే తప్పుతుంది: మత్తయి 1:16లో యోసేపు తండ్రి జేకబ్. గ్రీకులోనే ఆయన పేరు ‘యాకోబ్’, అపొస్తలులది ‘యాకోబోస్’.

వాడుకలో మాత్రం ఇవి రెండు వేరు పేర్లు. జేమ్స్‌ను జేకబ్ అని ఎవరూ పిలవరు. జేమ్స్‌కు ముద్దుపేర్లు జిమ్, జిమ్మీ, జేమీ. జేకబ్‌కు జేక్. జాక్ మాత్రం జాన్ నుంచి, అంటే మన యోహాను నుంచి వచ్చింది. ఆఫీసులో అందరూ జిమ్ అనే మనిషి మెయిల్ డైరెక్టరీలో దొరక్కపోతే జేమ్స్ అని వెతకండి. ఆయన తనను జేమ్స్ అని పరిచయం చేసుకుంటే మీరై మీరు జిమ్ అనకండి. మనకున్న ‘గారు’ అలవాటుతో ‘మిస్టర్ జేమ్స్’ అనేస్తాం. మిస్టర్ ఇంటిపేరు ముందే రావాలి, ఆయన ఇంటిపేరే జేమ్స్ అయితే తప్ప. పేరు చివర ‘స్’ అని ఒత్తకండి, ఇంగ్లీషువాళ్లు zero అన్నప్పుడు వచ్చే మొదటి ధ్వని (z) పలకాలి.

అన్నిటికన్నా జాగ్రత్త కాగితాల దగ్గర. పాస్‌పోర్టులో యాకోబు అని, బాప్తిస్మపు సర్టిఫికెట్లో జేకబ్ అని ఉన్నవాళ్లు మనలో చాలామంది. వీసా, సోషల్ సెక్యూరిటీ, బ్యాంకు, విమానం టికెట్టు, అన్నిట్లో పాస్‌పోర్టు స్పెల్లింగే అక్షరం పొల్లుపోకుండా రాయండి. ‘ఇక్కడివాళ్లకు తెలిసే పేరు’ అని ఒక ఫారంలో జేకబ్ రాస్తే, కంప్యూటరు దాన్ని వేరే మనిషిగా లెక్కగట్టి ఫైలు ఆగిపోవచ్చు. జేకబ్ అని పిలిపించుకోవాలంటే ఆఫీసు ఫారంలో ‘ప్రిఫర్డ్ నేమ్’ అన్న గడి ఉందేమో చూడండి, అందులో రాయండి.