టెస్ట్ ఛాంపియన్‌షిప్ 2019-21: న్యూజిలాండ్ మూడో స్థానంలో ఎందుకు వస్తోంది?

మీ షీట్‌లో పాయింట్ల పట్టిక వేస్తే న్యూజిలాండ్ మూడో స్థానంలో ఎందుకు వస్తోందని అడిగారు. మీరు అన్ని జట్ల పాయింట్లనీ 720తో భాగించారు. ఇంగ్లండ్ రెండో స్థానానికి ఎక్కి, ఫైనల్ ఆడిన న్యూజిలాండ్ కిందికి దిగడానికి కారణం అదే.

సిరీస్‌కి 120 చొప్పున 6 సిరీస్‌లకి 720 అన్నది కోవిడ్‌కి ముందు లెక్క. తర్వాత కొన్ని పర్యటనలు ఆగిపోయాయి. 2021 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా తన దక్షిణాఫ్రికా టూర్‌ని వాయిదా వేసుకుంది. న్యూజిలాండ్ బంగ్లాదేశ్ వెళ్లలేదు. ఇలా పర్యటనలు ఆగిపోతుండటం వల్లే ఐసీసీ 2020 నవంబర్‌లోనే శాతం పద్ధతికి, అంటే ఆడిన సిరీస్‌ల మొత్తం పాయింట్లలో ఎంత శాతం గెలిచారో చూసే పద్ధతికి మారింది.

1. వాయిదా పడిన సిరీస్ ఉన్న వరుసని షీట్‌లోంచి పూర్తిగా తీసేయండి. చాలామంది అక్కడ 0 వేసి వదిలేస్తారు, కానీ దాని 120 మాత్రం మొత్తంలో ఉండిపోతుంది. ఆడని మ్యాచ్‌కి జట్టుని శిక్షించినట్టే కదా, అది అన్యాయం.

2. ఆడిన సిరీస్‌లని 120తో గుణించండి. భారత్, ఇంగ్లండ్ 720, న్యూజిలాండ్ 600, ఆస్ట్రేలియా 480.

3. ఇప్పుడు జట్టు గెలిచిన పాయింట్లని ఆ మొత్తంతో భాగించి, 100తో గుణించండి (శాతంలో):
భారత్ 520/720 = 72.2
న్యూజిలాండ్ 420/600 = 70.0
ఆస్ట్రేలియా 332/480 = 69.2
ఇంగ్లండ్ 442/720 = 61.4

ఆస్ట్రేలియా 332లో మెల్‌బోర్న్ టెస్ట్‌లో స్లో ఓవర్ రేట్‌కి (ఓవర్లు ఆలస్యంగా వేసినందుకు) కోసిన 4 పాయింట్లు ముందే పోయాయి, మళ్లీ తీసేయకండి. ఆ 4 ఉండుంటే 336/480, అంటే సరిగ్గా 70, న్యూజిలాండ్‌తో సమానం!