టెక్ సందేహాలు: ఆల్బమ్ బాలేదా, మీ ఫైల్ బాలేదా?

ఈసారి వచ్చిన సందేహాల్లో సగానికి సగం ఒకటే గొడవండి. కొత్త ఆల్బమ్ డౌన్‌లోడ్ చేసుకున్నాను, గ్రూపులో అందరూ అదిరిపోయిందంటున్నారు, నాకేమో రేకు డబ్బాలో రాళ్లేసి ఊపినట్టుంది, నా ఫోన్ పోయిందా చెవులు పోయాయా అని. ఇంకొందరిది రివర్సు, నాకు సూపర్‌గా ఉంది మిగతావాళ్లు ఎందుకు తిడుతున్నారో అర్థం కావట్లేదు అని. ఇద్దరికీ నా ప్రశ్న ఒకటే, అసలు మీరూ వాళ్లూ విన్నది ఒకే ఫైలేనా? ఆల్బమ్ పేరు ఒకటే ఉంటుంది, కవర్ బొమ్మ ఒకటే ఉంటుంది, లోపల సరుకు మాత్రం ఎవరిది వాళ్లదే, దాని మీద రాత్రి పన్నెండు దాకా వాదించుకోవడం.

ప్రశ్న: ఫైల్ పేరులో 320 అనుంది, పాటకి 9 ఎంబీ పైనే ఉంది, అయినా తాళాలు మోగినప్పుడల్లా గరగరమంటోంది. ఫ్రెండ్ ఫోన్‌లో అదే పాట శుభ్రంగా ఉంది. ఎందుకు?

పేరులో ఏముంటే ఏం లాభమండి, పేరు ఎవడైనా పెడతాడు. లెక్క చూడండి, నాలుగు నిమిషాల పాట 128 కేబీపీఎస్‌లో (పాటలో సెకనుకి ఎన్ని కిలోబిట్లు వాడారన్న లెక్క అది) అయితే 4 ఎంబీకి కాస్త తక్కువ, 320లో అయితే సుమారు 9.6 ఎంబీ, సీడీలో ఉన్నదున్నట్టు అయితే 42 ఎంబీ దాకా. మీ ఫైల్ సైజు 320కి సరిపోయింది, నిజమే, కానీ సైజు చెప్పేది చివరిసారి దాన్ని ఎంతలో సేవ్ చేశారన్నదే, అంతకుముందు దాని మీద ఏం జరిగిందో చెప్పదు. ఎవరో 128 ఫైల్‌నో, వీడియోలోంచి లాగిన సౌండ్‌నో తీసుకుని కన్వర్టర్‌లో వేసి 320 నొక్కారు. మసక ఫోటోని పెద్ద సైజులో జిరాక్స్ తీస్తే కాగితం పెరుగుతుంది, మొహం కనపడదు, ఇదీ అంతే. పైగా ఎంపీ3ని మళ్లీ ఎంపీ3గా చేసిన ప్రతిసారీ ఇంకొంచెం చెడుతుంది.

పట్టుకోవడం కష్టమేం కాదు, ఆడాసిటీ, స్పెక్ అనే ప్రోగ్రాముల్లో ఏదో ఒకదాంట్లో ఫైల్ తెరిచి స్పెక్ట్రోగ్రామ్ చూడండి, పాటలో శబ్దం ఎంత పైస్థాయి దాకా ఉందో రంగుల్లో చూపే బొమ్మ అది. సరైన 320లో రంగు సుమారు 20 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తుంది, 128 నుంచి వచ్చినదైతే 16 దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయి పైనంతా నల్లగా ఉంటుంది. ఇక్కడ ఒక మాట, 16 పైన ఉన్నది పెద్దవాళ్లలో చాలామందికి ఎలాగూ వినపడదు, కాబట్టి మీకు వినిపిస్తున్న గరగర ఆ పోయిన భాగం కాదు. 128లో బిట్లు చాలక తాళాలు, చప్పట్లు, గొంతు వెనకాల ప్రతిధ్వని నలిగిపోతాయి చూశారా, అదీ మీకు వినిపించేది. ఆ నల్లటి గీత ఫైల్ ఎక్కడ్నుంచి వచ్చిందో చెప్పే ఆనవాలు మాత్రమే. పాత రికార్డింగుల్లో అసలు పైన ఏమీ ఉండకపోవచ్చు కూడా, గీత కనపడగానే మోసం అని అరవకండి.

ప్రశ్న: అదే ఆల్బమ్ ఫ్లాక్‌లో (నాణ్యత ఏమాత్రం పోకుండా కుదించే ఫార్మాట్) దించాను. ఎంపీ3కీ దానికీ నాకు తేడా తెలియట్లేదు. ఆ మాట చెప్తే నవ్వుతున్నారు.

నవ్వనివ్వండి. వాళ్లని కళ్లు మూసుకుని చెప్పమనండి చూద్దాం. ఫూబార్ 2000 అనే ప్లేయర్‌కి ఏబీఎక్స్ అని ఒక టెస్ట్ తగిలించుకోవచ్చు, ఏది ఏదో చెప్పకుండా వినిపించి గుర్తుపట్టమంటుంది, సరిగ్గా చేసిన 320ని ఫ్లాక్ నుంచి విడదీయడం చాలామంది వల్ల కాదు. అసలు మీరు విన్నది ఎలా? బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో అయితే, ఫ్లాక్ ఫోన్ దాకానే ఫ్లాక్, అక్కడ్నుంచి చెవి దాకా మళ్లీ కుదించే పంపుతుంది, మామూలుగా వాడే ఎస్‌బీసీ అనే కుదింపు పద్ధతిలో అది సుమారు 328 కేబీపీఎస్. ఇంకో చోద్యం కూడా జరుగుతుంటుంది, కంప్యూటర్‌లో మీటింగ్ యాప్ వెనకాల తెరిచే ఉంటుంది, మైక్ ఆన్‌లో ఉంటుంది, దాంతో ఇయర్‌ఫోన్స్ కాల్ మోడ్‌లోకి పోతాయి, స్టీరియో పోతుంది, పాట మొత్తం ఫోన్‌లో ఎవరో పాడి వినిపించినట్టు ఉంటుంది. దీని మీద ఒకాయన నాకు పేజీన్నర రాశాడు, మిక్సింగ్ చేసినవాళ్లకి సంగీతమే రాదని తీర్మానించేశాడు. మీటింగ్ యాప్ మూసి వినమన్నాను, మళ్లీ ఉత్తరం రాలేదు.

ఇంకోటి సౌండ్ లెవెల్. రెండు ఫైళ్లలో ఒకటి కొంచెం బిగ్గరగా ఉంటే చాలు, అదే బాగుందనిపిస్తుంది మనిషికి. స్ట్రీమింగ్ యాప్‌లు చాలావరకు పాటలన్నిటినీ ఒకే లెవెల్‌కి తెస్తాయి, డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌కి ఆ పని చేసేవాళ్లు ఉండరు, అందుకే మీ కొత్త ఆల్బమ్ పాతవాటి పక్కన విరుచుకుపడినట్టు ఉంటుంది. ప్లేయర్‌లో లెవెళ్లు సమం చేసే రీప్లేగెయిన్ ఆన్ చేసుకుని అప్పుడు పోల్చండి. ఫ్లాక్ మాత్రం ఉంచుకోండి, వినడానికి కాదు, దాచుకోవడానికి. రేపు ఏ ఫార్మాట్ కావాలన్నా దాంట్లోంచి నష్టం లేకుండా మొదలుపెట్టొచ్చు.

ప్రశ్న: గ్రూపులో ఒకరు ఆల్బమ్ మొత్తం ఒకే ఫైల్‌గా పెట్టారు, 6 ఎంబీనే. నొక్కితే ఇన్‌స్టాల్ అనడిగింది, ఓకే కొట్టాను, ఏవో పర్మిషన్లు అడిగితే అవీ ఇచ్చాను. తర్వాత ఏమీ కనిపించట్లేదు. పాటలు ఎలా వినాలి?

పాటల సంగతి తర్వాత, ముందు ఫోన్‌లో డేటా, వైఫై రెండూ ఆపండి. నిజంగా, ఇది చదవడం ఆపి ఆపండి.

పన్నెండు పాటల ఆల్బమ్ 6 ఎంబీలో ఎలా పడుతుందండి? పైన లెక్క చెప్పాను కదా. ఇన్‌స్టాల్ అడిగిందంటే అది పాట కాదు, యాప్. పాటని ప్లే చేస్తారు, ఇన్‌స్టాల్ చెయ్యరు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే నాకొచ్చే ఉత్తరాల్లో పావు వంతు తగ్గుతాయి. మీరు కొట్టిన ఓకేతో ఏం జరిగి ఉండొచ్చంటే, ఎస్ఎంఎస్ పర్మిషన్ ఇస్తే మీ ఓటీపీలు అది చదువుతుంది, నోటిఫికేషన్ యాక్సెస్ ఇస్తే బ్యాంక్ మెసేజ్ మీకు కనపడకముందే తీసి పారేస్తుంది, యాక్సెసిబిలిటీ ఇచ్చారా ఇక స్క్రీన్ మీద ఏముందో చదువుతుంది, మీ బదులు అదే బటన్లు నొక్కుతుంది. ఏమీ కనిపించట్లేదు అన్నారు చూశారా, అదే నాకు భయం, ఐకాన్ దాచేసుకుని కూర్చోవడం ఈ రకం యాప్‌లకి మామూలు.

వేరే ఫోన్ నుంచి బ్యాంక్‌కి ఫోన్ చేసి లావాదేవీలు ఆపించండి, ఇది ముందు. తర్వాత ఫోన్‌ని, మీరు వేసుకున్న యాప్‌లేవీ నడవని సేఫ్ మోడ్‌లో తెరిచి, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, నోటిఫికేషన్ యాక్సెస్, డివైస్ అడ్మిన్ లిస్టులు ఒక్కొక్కటీ చూసి తెలియని పేరుంటే తీసెయ్యండి, ఆ తర్వాత యాప్ అన్‌ఇన్‌స్టాల్. సిస్టమ్ అప్‌డేట్ లాంటి పేరు పెట్టుకుని ఉంటుంది, మోసపోవద్దు. అనుమానం తీరకపోతే ఫోటోలు పక్కన పెట్టుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేసెయ్యండి, నేనైతే అదే చేస్తాను. పాస్‌వర్డులు వేరే డివైస్‌లో మార్చండి, అదే ఫోన్‌లో మారిస్తే దొంగకి కొత్త తాళంచెవి కూడా ఇచ్చినట్టే. ఇంకా, మీ కాంటాక్టులకి మీ పేరుతో అదే ఫైల్ వెళ్లిందేమో అడగండి, మీ గ్రూపులో పెట్టినాయన కూడా బహుశా కావాలని పెట్టి ఉండడు, ఆయన ఫోన్ పెట్టి ఉంటుంది.

కంప్యూటర్‌లో వినేవాళ్లు నవ్వుకోకండి, మీకు వేరే మార్గంలో వస్తుంది. జిప్ ఫైల్, దానికి పాస్‌వర్డ్, పాస్‌వర్డ్ ఫైల్ పక్కనే రాసి ఉంటుంది. అందరికీ చెప్పే పాస్‌వర్డ్ ఎందుకు పెట్టినట్టు? యాంటీవైరస్ లోపలికి చూడకుండా. తెరిస్తే పది పాటలు, వాటి మధ్యలో పాట గుర్తుతోనే ఒకటి, పేరు చివర ఎంపీ3 అనే కనిపిస్తుంది, కానీ దాని వెనక ఇంకో చుక్క పెట్టి ఈఎక్స్ఈ ఉంటుంది, అంటే అది పాట కాదు ప్రోగ్రామ్, ఆ ముక్క మీకు కనపడదు. ఎందుకు కనపడదంటే విండోస్ ఎక్స్‌టెన్షన్లని, అంటే ఫైల్ రకం చెప్పే ఆ చివరి ముక్కల్ని దాచేస్తుంది, డీఫాల్ట్‌గా, ఇన్నేళ్లయినా ఇంకా! జనం కంగారుపడతారని దాచారట. 2000 సంవత్సరంలో ప్రపంచాన్ని చుట్టేసిన ప్రేమలేఖ వైరస్ ఆడుకున్నది సరిగ్గా ఈ దాపరికంతోనే, టెక్స్ట్ ఫైల్‌లా కనపడి స్క్రిప్ట్‌లా నడిచింది. అయినా బుద్ధి రాలేదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూలోకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టుకోండి, ఇవాళే.

అసలైన ఎంపీ3లో ప్రమాదం ఉండదా అని ఇంకొకరు అడిగారు. అరుదు, కానీ ఉంటుంది. 2015లో ఆండ్రాయిడ్‌లో పాటలు, వీడియోలు చదివే స్టేజ్‌ఫ్రైట్ అనే భాగంలో లోపాలు బయటపడ్డప్పుడు, ప్రత్యేకంగా తయారుచేసిన ఎంపీ3 ఫైల్‌ని ఫోన్ చదవబోతేనే చాలు, దాడి చేసే వీలుండేది. దానికి మందు అప్‌డేట్, ఆ అప్‌డేట్‌నేమో ఫోన్లు చేసేవాళ్లు రెండేళ్లకే ఆపేసిన మోడళ్లు కోకొల్లలు, కెమెరాలు మాత్రం ఏటా పెంచుతారు. డబ్బులిచ్చి కొంటే నిశ్చింత అనుకుందామా, 2005లో ఒక పెద్ద మ్యూజిక్ కంపెనీ కాపీ చెయ్యకుండా ఆపాలని తన సీడీల్లోనే రూట్‌కిట్ (సిస్టమ్‌లో కనపడకుండా దాక్కునే ప్రోగ్రామ్) పెట్టి కొన్నవాళ్ల కంప్యూటర్లలోకి ఎక్కించింది. దొంగిలించినవాడు బాగున్నాడు, కొన్నవాడు మునిగాడు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

ప్రశ్న: ఆల్బమ్‌లో కథ అంతా వెనకా ముందూ అయినట్టుంది, ముగింపు పాట నాలుగోదిగా పెట్టారు. కళాకారుడి ఉద్దేశమా?

మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. ఒకటో పాట, తర్వాత పది, పదకొండు, పన్నెండు, తర్వాత రెండు. కళాకారుడికి పాపం ఏ ఉద్దేశమూ లేదు, మీ ప్లేయర్ ఫైల్ పేర్లని అక్షరాల వరసలో పెట్టింది, 10 మొదటి అంకె 1 కాబట్టి అది 2 కంటే ముందొచ్చింది. ట్యాగ్‌లో, అంటే ఫైల్ లోపలే పాట పేరూ వివరాలూ రాసుకునే చోట, ట్రాక్ నంబర్ ఎక్కించండి, లేదా పేర్లు 01, 02 అని మొదలుపెట్టండి, అయిపోతుంది. మీరు ఇప్పటికే నిర్మాణం గందరగోళంగా ఉందని గ్రూపులో పెద్ద అభిప్రాయం రాసేశారు కదా, దాన్ని ఏం చేస్తారో మీ ఇష్టం.

వరస అంటే ఎవరికీ లెక్కలేదండీ. స్ట్రీమింగ్ యాప్ ఒకటి ఆల్బమ్ పేజీలో షఫుల్‌నే ముందు పెడుతూ వచ్చింది, 2021లో గాయని అడెల్ పాటల క్రమానికి ఒక అర్థం ఉంటుంది కదా అని గట్టిగా అడిగాక గానీ మార్చలేదు. అంతమంది ఇంజినీర్లున్న చోట ఆ ముక్క ఒక గాయని చెప్పాల్సి వచ్చింది. పాటకీ పాటకీ మధ్య అతుకు దగ్గర చిన్న ఖాళీ కూడా అలాంటిదే. ఎంపీ3 పాటని 1152 శాంపిల్స్ (శబ్దపు కొలతలు) చొప్పున ముక్కలుగా కోస్తుంది, సుమారు 26 మిల్లీసెకన్లు ఒక్కోటి, చివరి ముక్క నిండకపోతే నిశ్శబ్దంతో నింపుతుంది. మొదట్లో కూడా కొంచెం కలుస్తుంది. ఎంత కలిపారో ఫైల్‌లో రాసి ఉన్నా దాన్ని చదివే ఓపిక కొన్ని ప్లేయర్లకి లేదు, సెట్టింగ్స్‌లో గ్యాప్‌లెస్ అని ఉంటే ఆన్ చెయ్యండి, లేకపోతే ప్లేయర్ మార్చండి.

ప్రశ్న: తెలుగు పాటల పేర్లు డబ్బాలుగా, ప్రశ్నార్థకాలుగా వస్తున్నాయి. కొన్ని సగంలో తెగిపోతున్నాయి.

కారణం పాత ఐడీ3 మొదటి వెర్షన్, ఎంపీ3లో ట్యాగ్ రాసే పద్ధతి అది. 1996లో పుట్టింది, పేరుకి 30 బైట్లు ఇస్తుంది, ఇంగ్లీషుని మించి ఆలోచించలేదు. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడ్‌లో 3 బైట్లు, గుణింతానికి వేరే 3, పొల్లుకి వేరే 3, అంటే "స్త్రీ" రాస్తేనే 18 బైట్లు ఖర్చు. ఎంపీ3ట్యాగ్ లాంటి ప్రోగ్రామ్‌లో పాత వెర్షన్ ట్యాగ్ తీసేసి, ఐడీ3 2.3లో యూటీఎఫ్-16గా సేవ్ చెయ్యండి, కారు స్టీరియోకి అప్పటికీ తెలుగు రాకపోతే అందులో ఫాంట్ లేదు, మీ తప్పు కాదు.

ప్రశ్న: యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న ఆల్బమ్‌లన్నీ ప్రయాణంలో మాయమయ్యాయి. నెల రోజులు ఫోన్‌కి నెట్ పెట్టలేదు.

ఆ నెల రోజులే కారణం. యాప్‌లో డౌన్‌లోడ్ అంటే మీ సొంతం అని కాదు, తాళం వేసిన ఫైల్ మీ దగ్గర పెట్టి తాళంచెవి వాళ్లు ఉంచుకోవడం, కొన్ని యాప్‌లు 30 రోజులకోసారైనా నెట్‌లోకి రమ్మంటాయి, రాకపోతే తాళం పడుతుంది. ఆ బటన్ మీద డౌన్‌లోడ్ బదులు అద్దెకి అని రాస్తే ఇంత గొడవ ఉండేది కాదు. ఇంటికొచ్చాక వైఫైలో లాగిన్ అయి మళ్లీ దించుకోండి, లిస్టులో బూడిద రంగులో కనిపించే పాటలుంటే వాటి హక్కులు ఈలోగా బహుశా పోయాయన్నమాట, మళ్లీ హక్కులొస్తే తప్ప అవి రావు.