తుపాకీ కనబడేలా పెట్టుకుని షాపులోకి వస్తే వెళ్లిపొమ్మనొచ్చా?

ప్రశ్న: టెక్సస్‌లో డాలస్ పక్కన ఒక ఊళ్లో మాకు ఇండియన్ గ్రోసరీ స్టోర్ ఉంది. నాకు గ్రీన్ కార్డ్ ఉంది. తుపాకీ బొమ్మ మీద ఎర్ర గీత ఉన్న స్టిక్కర్ తలుపుకి అంటించాం. అయినా పోయిన శనివారం సాయంత్రం ఒకాయన నడుముకి పిస్టల్ పెట్టుకుని, అందరికీ కనబడేలా లోపలికి వచ్చాడు. పిల్లలతో వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు కార్ట్‌లు అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. కౌంటర్లో ఉన్న అమ్మాయి భయంతో నోరెత్తలేదు. ఆయన మాత్రం ఒక మామిడిపళ్ల పెట్టె కొనుక్కుని మర్యాదగానే వెళ్లాడు. స్టిక్కర్ ఉండగా అలా రావడం నేరం కాదా? అది వాళ్ల రాజ్యాంగ హక్కు, ఏమీ అనకూడదని మావాళ్లు అంటున్నారు. వాల్‌మార్ట్ కూడా వద్దని చెప్పిందట, అక్కడా ఒకసారి చూశాను. ఇంకో విషయం. మా మేనల్లుడు హెచ్1బి మీద ఉన్నాడు. శని, ఆదివారాలు షాపులో సాయానికి వస్తాడు. కౌంటర్ కింద మనమూ ఒక పిస్టల్ పెట్టుకుందాం మామయ్యా అంటున్నాడు. పెట్టుకోవచ్చా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు, టెక్సస్

జవాబు: వెళ్లిపొమ్మనొచ్చు. అందులో సందేహం పెట్టుకోకండి. అమెరికా రాజ్యాంగంలో ఆయుధాల హక్కు గురించిన రెండో సవరణ కట్టడి చేసేది ప్రభుత్వాన్ని. ఇంటి బయట కూడా తుపాకీ ధరించే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022లో బ్రూయెన్ కేసులో చెప్పింది నిజమే. ఆ తీర్పు న్యూయార్క్ రాష్ట్రం పెట్టిన లైసెన్స్ నిబంధన మీద వచ్చింది. సొంత షాపులోకి ఎవరిని రానివ్వాలో చూసుకునే యజమానికి దానితో సంబంధం లేదు. కాబట్టి మీవాళ్ల మాటకు భయపడనక్కర్లేదు.

మీరు భయపడాల్సింది మీ స్టిక్కర్ గురించి. టెక్సస్‌లో ఆ బొమ్మకు మీరు అనుకున్నంత బలం లేదు.

ఎందుకో చెప్తాను. అక్కడ లైసెన్స్ ఉన్నవాళ్లు పిస్టల్ బయటికి కనబడేలా పెట్టుకు తిరగడానికి 2016 జనవరి 1 నుంచి అనుమతి ఉంది. 2021 సెప్టెంబర్ 1 నుంచి లైసెన్స్ కూడా అక్కర్లేదు. 21 ఏళ్లు దాటి, తుపాకీ ఉంచుకోకూడదన్న నిషేధం తమ మీద లేనివాళ్లు హోల్‌స్టర్‌లో, అంటే తుపాకీ ఒరలో, పెట్టుకుని తిరగొచ్చు. అంటే మీ షాపులోకి వచ్చిన మనిషి లైసెన్స్ ఉన్నవాడూ కావచ్చు, లేనివాడూ కావచ్చు. చూసి చెప్పలేం. చట్టం మాత్రం ఈ ఇద్దరికీ వేర్వేరు సెక్షన్లు పెట్టింది. టెక్సస్ పీనల్ కోడ్‌లో 30.07 లైసెన్స్ ఉండి పిస్టల్ కనబడేలా ధరించేవాళ్లకి, 30.06 లైసెన్స్ ఉండి దాచుకుని తెచ్చేవాళ్లకి. లైసెన్స్ లేనివాళ్లకి 30.05. ఇది మామూలు అక్రమ ప్రవేశం సెక్షనే, తుపాకుల బోర్డు సంగతి 2021లో అందులో చేర్చారు. భుజాన రైఫిల్ వేసుకొచ్చేవాళ్లకి 30.06, 30.07 బోర్డులు వర్తించవు, అవి పిస్టళ్ల కోసమే. వాళ్లకి కూడా 30.05 బోర్డే దిక్కు.

బోర్డు ఎలా ఉండాలో కూడా చట్టమే చెప్పింది. ఆ సెక్షన్‌లో ఉన్న వాక్యం ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉండాలి. అక్షరాలు బ్లాక్ లెటర్స్‌లో, కనీసం ఒక అంగుళం ఎత్తుండాలి. వెనక రంగుకీ అక్షరాల రంగుకీ స్పష్టంగా తేడా తెలియాలి. వచ్చేవాళ్ల కంట పడేలా పెట్టాలి. 30.05, 30.07 బోర్డులైతే ప్రతి ప్రవేశద్వారం దగ్గరా ఉండాలి. వాక్యాన్ని మీ మాటల్లో మార్చి రాయకండి. పీనల్ కోడ్ తాజా ప్రతి తెరిచి, అక్షరం పొల్లుపోకుండా దించండి. అంగుళం అక్షరాలతో రెండు భాషల్లో రాస్తే 30.07 బోర్డు ఒక్కటే పెద్ద పోస్టరంత అవుతుంది, ఆఫీసు ప్రింటర్లో తీసిన కాగితం మీద పట్టదు.

మన షాపుల తలుపులు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఉగాది సంబరాల పోస్టర్, కొత్త సినిమా షో టైమింగ్స్, టిఫిన్ సర్వీస్ ఆంటీ ఫోన్ నంబర్, రూమ్‌మేట్ కావాలన్న కాగితం, సంగీతం క్లాసుల ప్రకటన. వీటి మధ్య బోర్డు పెట్టి, దాని మీద వచ్చే వారం ఇంకో పోస్టర్ అంటించనిస్తే అది లేనట్టే లెక్క. నాకు బోర్డు కనబడలేదండీ అని ఆ మనిషి తరఫు లాయర్ మీ తలుపు ఫొటోనే కోర్టులో చూపిస్తాడు. అద్దంలో ఒక భాగం పూర్తిగా దానికే వదిలేయండి. పార్కింగ్ వైపు రెండో తలుపు ఉంటే అక్కడా పెట్టండి. పెట్టిన రోజే తేదీ పడేలా ఫొటో తీసి ఉంచుకోండి.

ఏ బోర్డులు పెట్టాలన్నది మీ ఇష్టం. కనబడేలా తేవడమే మీ అభ్యంతరమైతే 30.07, 30.05 చాలు. దాచుకుని తెచ్చేవాళ్లు కూడా వద్దనుకుంటేనే 30.06. ఇదంతా మీ యూనిట్ లోపలికే. ముందున్న పార్కింగ్ స్థలం మిగతా షాపులతో కలిపి ఉండేది కనుక అక్కడ పెత్తనం సాధారణంగా బిల్డింగ్ యజమానిది. లీజు కాగితం ఒకసారి చదవండి. మీ దగ్గర పనిచేసేవాళ్లు చట్టప్రకారం ఉంచుకున్న తుపాకీని తాళం వేసిన తమ కారులో పెట్టుకుంటే, యజమానిగా మీరు వద్దనడానికి టెక్సస్ లేబర్ కోడ్ ఒప్పుకోదు. పోలీసు అధికారి డ్యూటీలో లేకపోయినా సరే, ఆయుధం ఉందని ఆపకూడదు.

బోర్డు చూసి కూడా లోపలికి వస్తే అది క్లాస్ సి నేరం, జరిమానా 200 డాలర్ల దాకా. ఇంతేనా అనిపిస్తుంది. అసలు బలం మీ నోటిమాటలో ఉంది. లోపలికి వచ్చిన మనిషికి నేరుగా, ఇక్కడికి తుపాకీ తేకూడదు, వెళ్లండి అని చెప్పాక కూడా ఆయన కదలకపోతే అది క్లాస్ ఎ నేరమవుతుంది. ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా. ఈ మాట యజమానే చెప్పాలని లేదు. యజమాని తరఫున మాట్లాడే అధికారం ఉన్నట్టు కనిపించేవాళ్లు ఎవరు చెప్పినా చెల్లుతుంది. కౌంటర్లో ఉన్న అమ్మాయి చెప్పినా చాలు. తలుపు మీద ఏ బోర్డూ లేకపోయినా ఈ నోటిమాట పనిచేస్తుంది.

అయితే ఆ అమ్మాయి చేత చెప్పించండి అనను. ఎవరు చెప్పాలో, ఏం చెప్పాలో ముందే అనుకుని ఉంచుకోండి. "సార్, మా షాపులోకి తుపాకులు అనుమతించం. కారులో పెట్టేసి రండి, లేదా దయచేసి వెళ్లండి" అంటే సరిపోతుంది. చాలామంది సారీ చెప్పి వెళ్లి, తుపాకీ కారులో పెట్టి తిరిగొస్తారు. ఆయన వాదనకు దిగితే మీరు దిగకండి. రెండోసారి చెప్పండి, పక్కకు తప్పుకోండి, 911కి ఫోన్ చేయండి. వెళ్లమని చెప్పాం, వెళ్లడం లేదు, నడుముకి పిస్టల్ ఉంది, చేతిలోకి తీసుకోలేదు అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. షాపులో గన్‌మ్యాన్ ఉన్నాడని అరిచారనుకోండి, వచ్చే పోలీసులు వేరే మనసుతో వస్తారు. లోపల పిల్లలున్నప్పుడు ఆ తేడా ప్రాణాల మీదకు తెస్తుంది. ఆయన మీద చెయ్యి వేయకండి, తలుపుకి అడ్డం నిలబడకండి, సెల్‌ఫోన్ ముఖం మీద పెట్టి వీడియో తీయకండి. మీ సీసీ కెమెరా ఎలాగూ తీస్తుంది.

పోయిన శనివారం వచ్చినాయన మీద ఇప్పుడు ఫిర్యాదు చేసి లాభం లేదు. ఆయనకు లైసెన్స్ ఉంటే మీ స్టిక్కర్ చెల్లదు. లేకపోయినా, ఆ బొమ్మ సరైన హెచ్చరికేనా అన్నది వాదనకు నిలుస్తుంది. వెళ్లమని ఎవరూ అనలేదు. తుపాకీ హోల్‌స్టర్‌లోనే ఉంది. జనాన్ని బెదరగొట్టేలా తుపాకీ ప్రదర్శించడం టెక్సస్‌లో వేరే నేరం, కానీ నడుముకి పెట్టుకుని మామిడిపళ్లు కొనుక్కోవడం దాని కిందికి రాదు. అదే తుపాకీ చేతిలోకి తీసి ఊపితే, ఎవరి వైపైనా చూపిస్తే, బోర్డు లేదు, మాట లేదు, వెంటనే 911. ముందు అందరూ బయటపడే దారి చూడండి.

ఇంకొకటి తప్పకుండా గుర్తుంచుకోండి. నియమం పెట్టారంటే అందరికీ ఒకేలా పెట్టండి. తుపాకీ ఉందని ఒకరిని వెళ్లమనడం వివక్ష కాదు. కానీ నల్లజాతి కస్టమర్‌నీ, మెక్సికన్ కస్టమర్‌నీ వెళ్లమని, రోజూ వచ్చే తెల్ల పెద్దాయన్ని లేదా మన తెలుగాయన్ని చూసీ చూడనట్టు వదిలేశారంటే 1866 నాటి పౌర హక్కుల చట్టం కింద మీ మీద దావా పడొచ్చు. అది చట్టం సంగతి. అంతకంటే ముందు అది అన్యాయం.

వాల్‌మార్ట్ సంగతి. 2019 ఆగస్టు 3న ఎల్ పాసో వాల్‌మార్ట్‌లో జరిగిన కాల్పుల్లో 23 మంది చనిపోయారు. ఐదు రోజులకే మిసోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వాల్‌మార్ట్‌లోకి ఒక యువకుడు బుల్లెట్‌ప్రూఫ్ తొడుక్కుని, రైఫిల్ పట్టుకుని నడిచాడు. తన హక్కును వాల్‌మార్ట్ గౌరవిస్తుందో లేదో చూద్దామనుకున్నానన్నాడు. మేనేజర్ ఫైర్ అలారం మోగించాడు, జనం పరుగులు తీశారు. సెప్టెంబర్‌లో వాల్‌మార్ట్, తుపాకీ బయటికి కనబడేలా తేవద్దని కస్టమర్లను కోరింది. కోరింది అన్నదే ఇక్కడ ముఖ్యం. క్రోగర్ కూడా అదే చేసింది. అంతకుముందు 2013లో స్టార్‌బక్స్, 2014లో టార్గెట్ ఇలాగే విన్నవించాయి. విన్నపానికి 30.07 బోర్డుకున్న బలం ఉండదు. అందుకే మీకు అక్కడ కనబడిన మనిషి కంపెనీ మాట వినలేదేమో గానీ, వెళ్లమని చెప్పనంతవరకు నేరం చేసినట్టు కాదు. మీకు భయం వేస్తే మేనేజర్‌కి చెప్పండి, మీరు వెళ్లి ఆయనతో మాట్లాడకండి.

మీ కస్టమర్ల భయాన్ని మాత్రం చిన్నది చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. 2023 మే 6న మీ పక్కనే అలెన్ అవుట్‌లెట్ మాల్‌లో ఎనిమిది మంది చనిపోయారు, వాళ్లలో ఒక తెలుగు అమ్మాయి ఉంది. బుట్ట వదిలేసి బయటికి నడిచిన ఆ తల్లులు సరైన పనే చేశారు.

ఇది టెక్సస్ చట్టం. ఇదే ప్రశ్న వేరే రాష్ట్రం నుంచి వస్తే జవాబు మారిపోతుంది. ఇల్లినాయ్‌లో కనబడేలా ధరించడమే కుదరదు, అక్కడి బోర్డు రాష్ట్ర పోలీసులు ఖరారు చేసిన నాలుగు అంగుళాలు, ఆరు అంగుళాల నమూనా. హవాయి 2023లో చేసిన చట్టమైతే యజమాని సరేనంటే తప్ప షాపులోకి తుపాకీ తేకూడదంది, ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అట్లాంటాలో షాపున్న బావగారికి మీ బోర్డు ఫొటో పంపకండి.

ఇక మీ మేనల్లుడు. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పుట్టించింది ఇదే.

హెచ్1బి, ఎఫ్1, ఎల్1, హెచ్4 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. టెక్సస్ లైసెన్స్ అక్కర్లేదన్నంత మాత్రాన ఇది మారదు. 2022లో ఈ నేరానికి గరిష్ఠ శిక్షను పదిహేనేళ్లకు పెంచారు. దగ్గర ఉంచుకోవడం అంటే జేబులోనే ఉండాలని లేదు. కౌంటర్ కింద ఉందని తెలిసి, కావాలంటే తీసుకోగలిగేలా ఉంటే చాలు, అతని దగ్గర ఉన్నట్టే అని ప్రాసిక్యూటర్ వాదిస్తాడు. గ్రీన్ కార్డ్ ఉన్న మీరు కొనుక్కుని మీ షాపులో పెట్టుకోవచ్చు. కానీ అతని వీసా సంగతి తెలిసి అతని చేతికి ఇస్తే అది మీ నేరం కూడా. తుపాకీ నేరంలో శిక్ష పడితే గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లను కూడా దేశం నుంచి పంపేయడానికి ఇమిగ్రేషన్ చట్టంలో వేరే నిబంధన ఉంది. అతను షాపులో ఉండే రోజుల్లో ఆ డ్రాయర్‌కి తాళం, తాళంచెవి మీ దగ్గర అన్న ఏర్పాటు కూడా నాకు నచ్చదు. షాపులోనే వద్దు.

రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. నిజమైన మినహాయింపే. కానీ గడువు దాటిన రోజున ఆ రక్షణ పోతుంది. కౌంటర్ కింద పిస్టల్ కోసం ఒక కుర్రాడి భవిష్యత్తును దాని మీద ఆధారపడనివ్వకండి.

అసలు అతను మీ కౌంటర్ దగ్గర ఎందుకున్నాడు? హెచ్1బి మీద ఉన్నవాళ్లు తమకు వీసా చేసిన కంపెనీకే పనిచేయాలి. జీతం తీసుకోకపోయినా, వేరేవాళ్లకి డబ్బిచ్చి చేయించే పని అతను చేస్తే అనుమతి లేని ఉద్యోగం అనొచ్చు. ఈ వారం నుంచే మాన్పించండి.

చివరిగా అతన్ని ఒకటి అడగండి. స్నేహితులతో వీకెండ్ షూటింగ్ రేంజ్‌కి వెళ్లాడా? మన పిల్లలు చాలామంది వెళ్తున్నారు, ఫొటోలు ఇన్‌స్టాలో పెడుతున్నారు. వేట లైసెన్స్ లేకుండా రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకున్నా ఆ నిషేధం కిందికే వస్తుంది. వెళ్లి ఉంటే ఇకముందు మానేయమనండి. ఆ ఫొటోల గురించి ఎవరితోనూ మాట్లాడకుండా, వాటిని తనంతట తాను తీసేయకుండా, తర్వాతి వీసా స్టాంపింగ్‌కి ఇండియా టికెట్ కొనేలోపే ఇమిగ్రేషన్ లాయర్‌ని స్వయంగా కలవమనండి.